ఫొటోగ్రాఫర్‌కు వెబ్‌సైట్: డిజైనర్‌కు ఫోన్ చేసే ముందు కాగితం మీద చేసుకోవాల్సిన పని

"అన్నా, వెబ్‌సైట్ పెట్టిద్దామనుకుంటున్నా, మంచి డిజైనర్ ఎవరైనా ఉంటే చెప్పు." బెంగళూరులో పెళ్లిళ్లు తీసే మన తెలుగు కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. మారతహళ్లి నుంచి ఒకరు, కేఆర్ పురం నుంచి ఒకరు, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఇంకొకరు. నంబరు ఇచ్చే ముందు నేను తిరిగి ఒకటే అడుగుతాను: "నీకు చివరగా ఫోన్ చేసిన పార్టీ నిన్ను ఏమేం అడిగింది?" దానికి జవాబు చెప్పగలిగితే సగం వెబ్‌సైట్ తయారైనట్టే. చెప్పలేకపోతే ఎంత ఖరీదైన డిజైనర్ వచ్చినా మీకు అందమైన ఆల్బమ్ కట్టిస్తాడు గానీ ఆర్డరు తెచ్చే సైట్ కట్టలేడు.

రెండేళ్ల కిందట బెల్లందూరులో ఒక అపార్ట్‌మెంట్‌కు ఆర్డరు మాట్లాడటానికి వెళ్లాను. పెళ్లికూతురు పక్క గదిలో ఆఫీసు మీటింగులో ఉంది. వాళ్లమ్మగారు తన ఫోన్‌లోనే నా సైట్ తెరిచారు. మొదటి ఫొటో వచ్చేదాకా చక్రం తిరుగుతూనే ఉంది. వచ్చాక రెండు వేళ్లతో పెద్దది చేసి చీర అంచు చూశారు. తర్వాత బొటనవేలితో కిందికి, ఇంకా కిందికి జరుపుతూ, "బాబూ, జీలకర్ర బెల్లం ఫొటో ఏదీ?" అన్నారు. నా సైట్‌లో సాయంత్రపు ఎండలో నడిచే జంటలు చాలామంది ఉన్నారు. జీలకర్ర బెల్లం లేదు. అప్పటికి నేను తీసిన పెళ్లిళ్లలో అది లేని పెళ్లి లేదు, అయినా సైట్‌లోకి ఒక్కటీ ఎక్కించలేదు. ఆ రోజు ఇంటికొచ్చి సైట్ మొత్తం విప్పి మళ్లీ కట్టుకున్నాను. కింద రాసిందంతా ఆ పనిలో తెలిసిందే. పెళ్లిళ్లను ఉదాహరణగా తీసుకున్నాను. మీరు బారసాలలు, ప్రొడక్టులు తీసేవారైనా వరస ఇదే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక నోటు పుస్తకం. మీ వాట్సాప్‌లో గత ఆరు నెలల ఎంక్వయిరీలు. మొదటి నుంచి చివరిదాకా మీరే తీసిన మూడు నాలుగు ఫంక్షన్ల ఫోల్డర్లు. ఆ పార్టీల నుంచి ఫొటోలు పెట్టుకోవచ్చని రాతపూర్వకంగా అనుమతి. మీ పేరు మీదే ఉన్న ఈమెయిల్ ఒకటి. కొంచెం పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి, ఇది తప్పనిసరి. ఇంకా రెండు ఆదివారాల తీరిక. ఆషాఢంలోనో, ధనుర్మాసంలోనో ఈ పనికి కూర్చోండి. ముహూర్తాల మధ్యలో మొదలుపెడితే సగంలో ఆగిపోతుంది.

1. వచ్చిన ప్రశ్నలన్నీ రాయండి

వాట్సాప్ తెరిచి, ఆర్డరు కోసం మెసేజ్ పెట్టిన ప్రతి ఒక్కరూ ఏం అడిగారో ఒక్కో లైనులో రాయండి. ఖాయమైనవే కాదు, మాట్లాడి వెళ్లిపోయినవాళ్లవి కూడా. ఇరవై ముప్ఫై రాసేసరికి అవే ప్రశ్నలు తిరుగుతున్నాయని మీకే కనపడుతుంది. నా పుస్తకంలో వచ్చిన వరస ఇది: ఆ డేటు ఖాళీగా ఉందా? ఎంతవుతుంది? ఎంతమంది వస్తారు? ఆల్బమ్ ఎన్ని షీట్లు? ఎన్ని రోజుల్లో ఇస్తారు? పెళ్లి తిరుపతిలో, అక్కడికి వస్తారా, రూమూ ప్రయాణం ఎవరిది? పూర్తి పెళ్లి ఒకటి చూపిస్తారా?

గమనించండి, ఏ కెమెరా వాడతారని అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మన సైట్లలో మాత్రం కెమెరా బాడీలు, లెన్సుల జాబితా మొదటి పేజీలోనే ఉంటుంది.

ప్రతి ప్రశ్న ఎదురుగా "ఇది ఏ పేజీలో?" అని రాయండి. ఏ ప్రశ్నకూ జవాబివ్వని పేజీ సైట్‌లో ఉండకూడదు, పేజీ లేని ప్రశ్న పుస్తకంలో మిగలకూడదు.

2. ముందు ఏ పని కనపడాలో తేల్చుకోండి

పెళ్లిళ్లు, బారసాల, ప్రీ వెడ్డింగ్, హోటల్ మెనూ ఫొటోలు, ఆఫీసు ఫంక్షన్లు, రియల్ ఎస్టేట్ అంటూ అన్నీ మొదటి పేజీలో పేరిస్తే చూసేవాళ్లకు మీరు దేనిలో గట్టివారో అర్థం కాదు. వచ్చే ఏడాది ఏ పని ఎక్కువ రావాలని కోరుకుంటున్నారో అది ముందు. తక్కినవి మెనూలో ఒక లైను. ఇల్లు గడవడానికి ఆఫీసు ఫంక్షన్లు తీస్తుంటే తీయండి. కానీ మీకు కావాల్సింది పెళ్లిళ్లయితే ఆ స్టేజీ ఫొటోలు మొదటి తెరలోకి రానివ్వకండి.

3. పేరు, డొమైన్: మీ పేరు మీదే, మీ ఈమెయిల్‌తోనే

ఈ అడుగులో తప్పు జరిగితే సరిదిద్దుకోవడం చాలా కష్టం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

నా మొదటి డొమైన్‌ను, అంటే సైట్ చిరునామాను, సైట్ కట్టిన కుర్రాడు తన అకౌంట్‌లో కొన్నాడు. నేను డబ్బులిచ్చాను, సైట్ వచ్చింది, అంతటితో అయిపోయిందనుకున్నాను. మూడో ఏడు రెన్యువల్ సమయానికి అతను ఊరు మారాడు, నంబరూ మారింది. గడువు దాటి డొమైన్ ఎవరి చేతికో పోయింది. విజిటింగ్ కార్డుల మీద, అప్పటికే ఇచ్చేసిన ఆల్బమ్‌ల వెనక అట్ట మీద ఉన్నది ఆ పేరే. ఇప్పటికీ ఆ ఆల్బమ్‌లు చూసి ఆ పేరు కొట్టేవాళ్లకు నేను దొరకను.

కాబట్టి డొమైన్ మీరే కొనండి. సొంత ఈమెయిల్, సొంత ఫోన్ నంబరు, సొంత కార్డు. రెండంచెల లాగిన్ పెట్టుకోండి. ఆటో రెన్యువల్ ఆన్ చేయండి, కార్డు మారినప్పుడు అక్కడ కూడా మార్చండి. డిజైనర్‌కు కావాల్సిన అనుమతి విడిగా ఇవ్వొచ్చు, తాళంచెవి మాత్రం మీ దగ్గరే ఉండాలి. మొదటి ఏడాది ధర చూసి సంబరపడకండి, కొనే పేజీలోనే రెన్యువల్ ధర ఎంతో చూడండి. అది తరచూ ఎక్కువ ఉంటుంది.

పేరు ఎలా ఉండాలి? ఫోన్‌లో ఒకసారి చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా కొట్టగలగాలి. పరీక్ష సులువు: ఊళ్లో ఉన్న మీ బాబాయికో పిన్నికో ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పి, రాసి పంపమనండి. "ఫొటోగ్రఫీ" అన్న మాట ఇంగ్లీషు స్పెల్లింగ్ దగ్గరే చాలామంది తడబడతారు. డాట్ కామ్ దొరకకపోతే డాట్ ఇన్ మన దేశపుదే, నిస్సంకోచంగా తీసుకోండి. పేరు మధ్యలో గీతలు, అంకెలు వద్దు.

4. ఐదు పేజీలు చాలు, ముందు కాగితం మీద గీయండి

మొదటి పేజీ. ఫొటోలు. ధరలు. మా గురించి. సంప్రదించండి. అంతే. ఒక్కో పేజీకి నోటు పుస్తకంలో ఒక్కో కాగితం తీసుకుని, ఫోన్ ఆకారంలో నిలువుగా డబ్బా గీయండి. లాప్‌టాప్ ఆకారంలో అడ్డంగా గీయకండి, మీ పార్టీలు చూసేది ఫోన్‌లో.

మొదటి పేజీలో వేలు జరపకముందే కనపడాల్సినవి నాలుగు: ఒక మంచి ఫొటో, మీరు ఏం తీస్తారు, ఎక్కడ తీస్తారు, వాట్సాప్ బటన్. "బెంగళూరులో తెలుగు పెళ్లిళ్లు, శ్రీమంతాలు, బారసాలలు. రాయలసీమ, నెల్లూరు వైపు కూడా వస్తాం." ఇలాంటి ఒక్క వాక్యం చాలు. "మధుర క్షణాలను బంధిస్తాం" లాంటి వాక్యం తీసేయండి. అది ఎవరి సైట్‌లోనైనా అతుకుతుంది.

"మా గురించి" పేజీలో మీ ఫొటో పెట్టండి. కెమెరా ముఖానికి అడ్డం పెట్టుకున్నది కాదు, ముఖం కనపడేది. పెళ్లి ఇంట్లోకి, పెళ్లికూతుర్ని చేసే గదిలోకి రాబోయే మనిషి ఎవరో ఆడపిల్ల తల్లికి తెలియాలి. మీ బృందంలో మహిళా ఫొటోగ్రాఫర్ ఉంటే ఆ సంగతి ఇక్కడ తప్పకుండా రాయండి. అడగాలనుకుని మొహమాటపడేవాళ్లు చాలామంది.

5. ఫొటోలు ఏరడం

అసలు పని ఇదే. ఒక ఆదివారం మొత్తం దీనికే ఇవ్వండి.

మూడు వందల ఫొటోలు కలగలిపి పోసే గ్యాలరీ వద్దు. దాని బదులు మూడు పూర్తి పెళ్లిళ్లు, ఒక్కొక్కటి ముప్ఫై నుంచి నలభై ఫొటోలు, జరిగిన వరసలోనే పెట్టండి. పెళ్లికూతుర్ని చేయడం, స్నాతకం, గౌరీ పూజ, బుట్టలో పెళ్లికూతురు రావడం, అడ్డుతెర, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు. ఎందుకంటే ఒక్క అద్భుతమైన ఫొటో ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు తీస్తారు. తెల్లవారుజామున మూడింటి ముహూర్తానికి, పసుపు రంగు మండపం లైట్లలో, చుట్టూ పది ఫోన్లు పైకి లేచి ఉండగా, మాంగల్యధారణ స్పష్టంగా తీయగలరా అన్నది పార్టీకి కావాలి. పూర్తి పెళ్లి చూపిస్తే ఆ అనుమానం తీరుతుంది.

మూడు పెళ్లిళ్లు మూడు రకాలుగా ఉండేలా చూడండి. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో భారీ సెట్టింగు ఒకటి ఉంటే, ఊళ్లో కల్యాణ మండపం ఒకటి, ఇంటి ముందు పందిట్లో జరిగింది ఒకటి. పెద్ద పెళ్లిళ్లే పెడితే మధ్యతరగతివాళ్లు "వీళ్లు మనకు అందరు" అనుకుని ఫోన్ కూడా చేయరు. తెలుగు, కన్నడ కుటుంబాలు కలిసిన పెళ్లి మీ దగ్గర ఉంటే అది తప్పకుండా పెట్టండి. బెంగళూరులో అలాంటి సంబంధాలు మామూలే. రెండు వైపుల పద్ధతులూ తెలిసిన ఫొటోగ్రాఫర్ అంటే ఇరువైపులవాళ్లకూ టెన్షన్ తగ్గుతుంది.

ఏరేటప్పుడు నేను చేసే పద్ధతి: ఫోల్డర్ నుంచి ముందు నూరు తీస్తాను. వాటిని ఫోన్‌లో వేసి, చేయి చాచినంత దూరంలో పెట్టి ఒక్కోటి ఒక్క సెకను చూస్తాను. ఎవరేం చేస్తున్నారో ఆ సెకనులో తెలియకపోతే పక్కన పెడతాను. మిగిలిన యాభై అరవైలో ఒకే క్షణానివి రెండు ఉంటే ఒకటి తీసేస్తాను. అప్పుడు వచ్చిన నలభైని ఫొటోలతో సంబంధం లేని మనిషికి, మా ఇంట్లో అయితే మా అక్కకు, చూపించి "ఏది మధ్యలో లేదనిపించింది?" అని అడుగుతాను. "తాళి కట్టాక పెళ్లికూతురు వాళ్ల నాన్న ముఖం ఏదీ?" లాంటి ప్రశ్న అక్కణ్నుంచే వస్తుంది. తీసినవాడికి వెలుగు కనపడుతుంది, చూసేవాళ్లకు మనుషులు కనపడతారు.

ఇక్కడ చేయకూడనివి కొన్ని. అసిస్టెంటుగా వెళ్లినప్పుడు తీసినవి అసలు ఫొటోగ్రాఫర్‌ను అడగకుండా పెట్టకండి. ఇంటర్నెట్ నుంచి దించినవి ఒక్కటి కూడా వద్దు. ఫొటో మధ్యలో పెద్ద వాటర్‌మార్క్ వేయకండి, దొంగతనం ఆగదు, చూపు మాత్రం ఆగిపోతుంది. మూల చిన్న పేరు చాలు. టీజర్ వెనక సినిమా పాట పెట్టి సైట్‌లోకి ఎక్కించకండి. ఆ పాట హక్కులు మీవి కావు.

కొత్తగా మొదలుపెట్టారా, మూడు పెళ్లిళ్లు లేవా? ఒక్క పెళ్లి, ఒక్క శ్రీమంతం, ఒక్క గృహప్రవేశం పెట్టండి. పూర్తిగా పెట్టండి, అది చాలు. ప్రీ వెడ్డింగ్‌కు లాల్‌బాగ్‌లోనో కబ్బన్ పార్కులోనో తీద్దామనుకుంటే ముందు అనుమతి సంగతి కనుక్కోండి. రెండూ కర్ణాటక ఉద్యాన శాఖ చూసుకునేవి. "ఎక్కడైనా తీస్తాం" అని సైట్‌లో రాసి, తీరా గేటు దగ్గర ఆపితే పార్టీ ముందు మాట పడేది మీరే.

6. అనుమతి కాగితం

మన దేశపు కాపీరైట్ చట్టం, 1957లోది, 17వ సెక్షన్ ఒక సంగతి చెబుతుంది. ఒకరి కోరిక మీద డబ్బు తీసుకుని తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్న మనిషే, తీసిన మనిషి కాదు. తీసింది నేను, కాబట్టి నాదే అనుకునేవాళ్లు మనలో చాలామంది. ఏమీ రాసుకోకుండా పార్టీ ఫొటోలు సైట్‌లో పెడితే మీకు ఆధారం ఏమీ లేనట్టే.

అడ్వాన్సు తీసుకునే రోజు ఇచ్చే ఒప్పంద పత్రంలోనే రెండు లైన్లు చేర్చండి: హక్కు ఎవరిది, సైట్‌లోనూ సోషల్ మీడియాలోనూ వాడుకోవడానికి వాళ్లు ఒప్పుకుంటున్నారా లేదా. "ఒప్పుకోం" అని టిక్ పెట్టే గడి కూడా ఉంచండి. ఆ గడి ఉందని తెలిస్తే పార్టీకి మీ మీద నమ్మకం పెరుగుతుంది. పాత పార్టీలైతే ఏ ఫొటోలు పెట్టదలిచారో అవే వాట్సాప్‌లో పంపి, "ఇవి మా వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చా అండీ?" అని అడిగి, జవాబు దాచుకోండి. పసిపిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల మాట రాతలో లేకుండా ఒక్కటి కూడా పెట్టకండి. తర్వాత ఎప్పుడు తీసేయమన్నా తీసేయండి, కారణం అడగొద్దు.

7. ఫొటోలను సైట్‌కు తగ్గట్టు ఎగుమతి చేయడం

24 మెగాపిక్సెల్ కెమెరా ఫైలు 6000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది, పూర్తి నాణ్యత జేపెగ్ పది ఎంబీ దాటొచ్చు. అలాంటివి నలభై ఎక్కిస్తే ఒక్క పేజీ 400 ఎంబీ. మండపం సెల్లార్‌లో నిలబడి మీ సైట్ చూపించబోయే పెళ్లికొడుకు బావమరిదికి అది తెరుచుకోదు.

లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లో పొడవైన అంచు 2000 పిక్సెళ్లు, నాణ్యత 75 నుంచి 80, కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ పెట్టండి. చాలా ఫొటోలు ఒక ఎంబీ లోపుకు వస్తాయి. వెబ్‌పీ ఫార్మాట్ కుదిరితే ఇంకా తగ్గుతుంది. కలర్ స్పేస్ మర్చిపోవద్దు. అడోబీ ఆర్‌జీబీలో పంపితే కొన్ని తెరల మీద పట్టుచీర ఎరుపు వెలిసిపోయినట్టు, ముఖాలు పాలిపోయినట్టు కనపడతాయి. "నా లాప్‌టాప్‌లో బాగుంది, వాళ్ల ఫోన్‌లో బాలేదు" అన్న ఫిర్యాదుకు తరచూ కారణం ఇదే. లొకేషన్ సమాచారం తీసేసే టిక్ కూడా అక్కడే ఉంటుంది, పెట్టండి. ఇళ్లలో తీసిన ఫొటోలతో పాటు ఆ ఇల్లు ఎక్కడుందో బయటికి పోకూడదు.

ఫైలు పేర్లు కెమెరా ఇచ్చిన అంకెలతో వదిలేయకండి. ఫంక్షన్, ఊరు వచ్చేలా ఇంగ్లీషు అక్షరాల్లో, మాటల మధ్య చిన్న గీతతో పెట్టండి. ఆల్ట్ టెక్స్ట్ అనే గడిలో ఫొటోలో ఏముందో ఒక వాక్యం రాయండి: "జీలకర్ర బెల్లం పెడుతున్న వధూవరులు, మారతహళ్లి." చూపు లేనివారికి ఆ వాక్యం చదివి వినిపించబడుతుంది, గూగుల్‌కూ ఫొటో ఏమిటో తెలుస్తుంది.

సరిగా వచ్చిందో లేదో చూడటం: పాత ఆండ్రాయిడ్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో పేజీ తెరవండి. తర్వాత గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైట్ చిరునామా ఇచ్చి, మొబైల్ ట్యాబ్‌లో ఎల్‌సీపీ అన్న అంకె చూడండి, తెర మీద అన్నిటికంటే పెద్దది, మనకైతే మొదటి ఫొటో, కనపడటానికి పట్టే సమయం అది. 2.5 సెకన్ల లోపు ఉంటే మంచిది. దాటితే ముందు మొదటి ఫొటో బరువు తగ్గించండి, చాలాసార్లు అదొక్కటే సరిపోతుంది. ఫొటోలు అవసరమైనప్పుడే దిగేలా చేసే లేజీ లోడింగ్ కింది ఫొటోలకు ఉండాలి, మొదటి ఫొటోకు ఉండకూడదు.

8. ధరలు రాయాలా వద్దా

రాయాలి. పోటీవాళ్లు చూస్తారని భయపడి "ధరలకు సంప్రదించండి" అని వదిలేస్తే రోజుకు పది ఫోన్లు వస్తాయి, తొమ్మిది "ఎంత?" అని అడిగి పెట్టేసేవే. మీ పోటీవాళ్లకు మీ రేటు ఎలాగూ తెలుసు.

మొత్తం పట్టీ పెట్టడం ఇష్టం లేకపోతే మొదలు ధర ఒక్కటి రాయండి. అందులో ఏమేం కలిసి ఉన్నాయో మాత్రం విడివిడిగా రాయాలి: ఎన్ని గంటలు, ఎంతమంది, ట్రెడిషనల్ ఒకరా క్యాండిడ్ ఒకరా, ఫిల్మ్ నిడివి, ఆల్బమ్ ఎన్ని షీట్లు, డ్రోన్ ఉందా. ఏమేం కలవలేదో అంతకంటే స్పష్టంగా రాయండి. అదనపు షీటుకు ఎంత, బెంగళూరు దాటితే బండి ఖర్చు, బస ఎవరిది, రాత్రి ముహూర్తమైతే గంటలు ఎక్కణ్నుంచి లెక్క. గొడవలు వచ్చేది ఎప్పుడూ ఇక్కడే.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ధర పక్కనే "జీఎస్టీ అదనం" అనో "జీఎస్టీతో కలిపి" అనో రాయాలి. ఫొటోగ్రఫీకి 18 శాతం, అంటే లక్ష అన్నది 1,18,000 అవుతుంది. ఆ పద్దెనిమిది వేలు బిల్లు రోజున మొదటిసారి వినపడితే మంచి పార్టీ కూడా ముఖం మాడ్చుకుంటుంది. అడ్వాన్సు ఎంత, ముహూర్తం మారితే ఏం చేస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి కూడా ఈ పేజీలోనే. రోజుల సంఖ్య మీరు నిలబెట్టుకోగలిగేదే రాయండి. నలభై ఐదు అని రాసి నలభైకి ఇవ్వండి.

9. తెలుగులో రాయడం

సైట్ ఇంగ్లీషులో ఉన్నా ధరల పేజీ, మొదటి పేజీ తెలుగులో కూడా ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఫొటోగ్రాఫర్‌ను వెతికేది పిల్లలు, ఖాయం చేసేది పెద్దవాళ్లు. పెద్దవాళ్లు చదివి "సరే" అనేది తమ భాషలో.

ఒక హెచ్చరిక. శుభలేఖలు అచ్చువేసే చోట అను ఫాంట్లతో టైపు చేసి ఇచ్చిన తెలుగును సైట్‌లో అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్ తెలుగు కావాలి, ఫోన్ కీబోర్డుతో టైపు చేసేది అదే. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, నోటో శాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర శీర్షికలకే బాగుంటుంది, చదివే వాక్యాలకు మండలి గానీ నోటో గానీ. ఇంగ్లీషుకు పెట్టిన లైన్ల మధ్య ఖాళీ తెలుగుకు చాలదు, ఒత్తులు కింది లైను మీద పడతాయి, కాస్త పెంచమని డిజైనర్‌కు చెప్పండి. "స్త్రీ", "జ్యేష్ఠం", "శ్రీమంతం" అన్న మూడు మాటలు ఫోన్‌లో తెరిచి చూడండి. అవి తెగకుండా కనపడితే తక్కినవీ కనపడతాయి.

10. పార్టీ మీ దగ్గరికి వచ్చే దారి

ప్రతి పేజీలో కింద వాట్సాప్ బటన్, కాల్ బటన్. వాట్సాప్ లింకులో నంబరు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఖాళీలు గానీ ఉండకూడదు. ఇది తప్పుగా పెట్టుకుని నెలల తరబడి "సైట్ నుంచి ఎవరూ రావట్లేదు" అనుకున్న మిత్రులు నాకు తెలుసు. బటన్ నొక్కగానే "ఫంక్షన్ ఏమిటి, తేదీ, ఊరు" అన్న మూడు మాటలు ముందే టైపై ఉండేలా పెట్టించండి. వాళ్లు నింపి పంపితే చాలు.

ఫారం పెడితే నాలుగు గడులు: పేరు, ఫోన్, తేదీ, ఊరు. బడ్జెట్, ఇంటి చిరునామా, ఈమెయిల్ అన్నీ అడిగితే సగంలో వదిలేస్తారు. ఫారం పెట్టాక మీరే వేరే ఫోన్ నుంచి నింపి పంపండి. మెయిల్ వచ్చిందా? స్పామ్‌లో పడిందా? ఈ పరీక్ష నెలకోసారి చేయండి.

11. ఎక్కడ కట్టాలి

దీనికి అందరూ ఎక్కువ సమయం పెడతారు, అంత అవసరం లేదు. మీరే చేసుకోగలిగితే విక్స్, స్క్వేర్‌స్పేస్, పిక్సీసెట్ లాంటివి. మనిషి చేత చేయించుకుంటే వర్డ్‌ప్రెస్, రేపు ఇంకొకరు వచ్చినా అందుకోగలరు. ఏది తీసుకున్నా మూడు సంగతులు అడగండి: ఫొటోలు నేనే మార్చుకోగలనా, రెండో ఏడు ఖర్చు ఎంత, సైట్ చిరునామా https అని మొదలయ్యేలా, చూసేవాళ్లు పంపే సమాచారం భద్రంగా ఉండేలా ఎస్‌ఎస్‌ఎల్ ఉందా. ఎస్‌ఎస్‌ఎల్‌కు విడిగా పెద్ద మొత్తం అడిగితే ఆగండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అన్నది ఉచితంగానే ఇస్తుంది.

12. గూగుల్‌లో దొరకడం

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరవండి, డబ్బు కట్టక్కర్లేదు. స్టూడియో లేకుండా ఇంటి నుంచి చేసేవాళ్లు ఇంటి చిరునామా దాచి, సేవలందించే ప్రాంతాలు మాత్రం చూపించొచ్చు. పేరు, ఫోన్ నంబరు సైట్‌లో ఎలా ఉన్నాయో ప్రొఫైల్‌లోనూ అచ్చంగా అలాగే ఉండాలి. రివ్యూ అడగాల్సిన రోజు ఆల్బమ్ చేతికిచ్చిన రోజు. వాళ్లు పేజీలు తిప్పుతూ నవ్వుతున్నప్పుడే లింకు పంపండి, వారం దాటితే మర్చిపోతారు. డబ్బిచ్చి రివ్యూలు రాయించుకోవద్దు, గూగుల్ నియమాలకు అది విరుద్ధం, చదివేవాళ్లకూ తెలిసిపోతుంది.

సైట్‌లో ఒక్కో పూర్తి పెళ్లి పేజీకి శీర్షికలో ప్రాంతం పేరు, ఫంక్షన్ పేరు రావాలి. "వైట్‌ఫీల్డ్‌లో తెలుగు పెళ్లి" అన్నది చాలు. అన్ని ఏరియాల పేర్లు ఒకే పేజీ కింద గుట్టగా పోసే పాత పద్ధతి మానేయండి.

13. అందరికీ చెప్పే ముందు పరీక్ష

సైట్‌ను ఎప్పుడూ చూడని ముగ్గురిని పట్టుకోండి. ఒకరు యాభై దాటినవారై ఉండాలి. వాళ్ల ఫోన్లలోనే తెరవమనండి. మీరు పక్కన కూర్చుని ఒక్క మాటా సాయం చేయకండి. ఒక్కొక్కరికి ఇవే పనులు చెప్పండి: ధర ఎంతో చెప్పండి. జీలకర్ర బెల్లం ఫొటో చూపించండి. తిరుపతికి వస్తారో లేదో కనుక్కోండి. నాకు వాట్సాప్ పంపండి. ఎక్కడ వేలు ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లారో నోటు పుస్తకంలో రాయండి. ఒక్కో పనికి అర నిమిషం దాటితే ఆ పేజీ మార్చాలి. "ఇదిగో ఇక్కడుంది కదండీ" అని మీరు వేలు పెట్టి చూపించాల్సి వచ్చిందంటే అది వాళ్ల తప్పు కాదు.

రెండు వారాల తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చూడండి, మీ పేజీలు గూగుల్‌లోకి ఎక్కాయో లేదో తెలుస్తుంది. ఎక్కకపోతే కట్టేటప్పుడు సెర్చ్ ఇంజన్లు రాకుండా పెట్టిన టిక్ తీయడం డిజైనర్ మర్చిపోయి ఉంటాడు. వర్డ్‌ప్రెస్‌లో ఇది తరచూ జరుగుతుంది, సెట్టింగుల్లో రీడింగ్ అన్న చోట ఉంటుంది.

ఇక లెక్క. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "మా గురించి ఎక్కడ చూశారండీ?" అని అడిగి, నోటు పుస్తకంలో తేదీతో రాయండి. సైట్‌కు ఎంతమంది వచ్చారన్న అంకె కంటే ఈ పుస్తకమే మీకు నిజం చెబుతుంది. సైట్ చూసి ఫోన్ చేసినవాళ్లు మళ్లీ ధరే అడుగుతున్నారంటే ధరల పేజీ వాళ్లకు కనపడటం లేదు. ప్రతి ముహూర్తాల సీజను ముగిశాక ఒక పాత పెళ్లి తీసి, కొత్తది పెట్టండి. ఆ రోజే వాట్సాప్ బటన్ ఒకసారి నొక్కి చూడండి, డొమైన్ గడువు తేదీ ఒకసారి చూడండి, ఫోన్‌లో కొత్తగా వచ్చిన ప్రశ్న ఏదైనా ఉంటే నోటు పుస్తకంలో దాని ఎదురుగా పేజీ పేరు రాయండి.